మారిషస్ వెళ్ళేవారికి ఒక మనవి

ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన తెలుగు పండితుణ్ణి, "మాస్టారూ, ఏ బీచి బాగుంటుంది?" అని అడగటం వింతగానే తోస్తుంది. కాని ఈ మధ్య అటువంటి ప్రశ్నలే నాకు ఎక్కువగా వస్తున్నాయి. మా అబ్బాయి, కోడలు, మనుమరాలితో కలిసి పది రోజులు మారిషస్ ద్వీపంలో తిరిగి వచ్చానన్న సంగతి నా పూర్వవిద్యార్థులలో పాకిపోయింది. ఇప్పుడు ఎవరింట పెళ్ళి జరిగినా, ఎవరి పిల్లలకు వేసవి సెలవులు వచ్చినా నాకొక ఫోను వస్తుంది.

అడిగేవారి చేతిలో అప్పటికే ఒక జాబితా ఉంటుంది. ఏ ట్రావెల్ ఏజెంటు ఇచ్చినా దాదాపు ఒకటే జాబితా. ఉత్తరాన గ్రాన్ బే, త్రూ ఓ బీష్. పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్. తూర్పున బెల్ మార్. పడవ మీద వెళ్ళే ఇల్ ఓ సెర్ఫ్. ఆపైన షమారెల్‌లోని ఏడు రంగుల మట్టి, గంగా తలావ్ దగ్గర పెద్ద శివుడు, రాజధాని పోర్ట్ లూయీలో బజారు. అన్నిటికీ అడుగున, చిన్న అక్షరాలలో, "సమయముంటే ఆప్రవాసి ఘాట్" అని ఉంటుంది.

ఆ "సమయముంటే" అన్న మాట మీదనే నా తగాదా. తక్కిన జాబితాతో నాకు పేచీ లేదు. ఆ బీచీలు నిజంగానే అందమైనవి. కాని తెలుగువాడు మారిషస్‌లో విమానం దిగి, అయిదు రోజులు ఇసుకలో దొర్లి, ఆ మెట్ల దగ్గరకు వెళ్ళకుండా తిరుగు విమానం ఎక్కడం నాకు సమ్మతం కాదు. ఎందుకు కాదో వివరిస్తాను.

ఆప్రవాసి ఘాట్ చూడటానికి గొప్ప కట్టడమేమీ కాదు. పోర్ట్ లూయీ రేవులో, పెద్ద రహదారి పక్కన, నల్లరాతి గోడలు, కొన్ని గదులు, ఒకప్పుడు నీటిలోనుంచి పైకి వచ్చిన కొద్ది మెట్లు. పాత కట్టడంలో చాలా భాగం పోగా మిగిలినది ఇంతే. 1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది ఒప్పందపు కూలీలు ఈ రేవు ద్వారానే ఆ దేశంలో కాలుపెట్టారు. బ్రిటిష్ వలసలలో బానిసత్వం రద్దవుతున్నది, చెరకుతోటలకు మనుషులు కావాలి. "స్వేచ్ఛగా" ఒప్పుకొని వచ్చే కూలీలతో తోటలు నడుస్తాయా అని దొరలు చేసిన ప్రయోగానికి ఈ ద్వీపమే మొదటి వేదిక అయింది. అది నడిచింది కనుక తరువాత గయానా, ట్రినిడాడ్, దక్షిణాఫ్రికా, ఫిజీ దాకా పాకింది. 2006లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది అందుకే, రాళ్ళ అందం చూసి కాదు.

తొలినాటి ఒప్పందం అయిదేళ్ళకు. మగవానికి నెలకు అయిదు రూపాయల జీతం, పైన తిండిగింజలు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరమొచ్చి పడుకున్నా అంతే. కూలి అంటే మన భాషలో చేసిన పనికి దక్కే ప్రతిఫలం. దొరల నోట అది పనిచేసే మనిషికే పేరైపోయింది, ఆ రేవు పేరు కూడా ఒకప్పుడు కూలీ ఘాట్. ఆ మాట బరువు తెలిసినవారు గనుకనే స్వతంత్రులైన తరువాత దానిని ఆప్రవాసి ఘాట్‌గా మార్చుకున్నారు. "ప్ర" అన్న ఉపసర్గ ఇల్లు విడిచి పోవడాన్ని చెబుతుంది. దానికి ముందు "ఆ" చేర్చేసరికి, వెళ్ళిపోయినవాడు కాస్తా వచ్చినవాడయ్యాడు. నేను ముచ్చటపడ్డాను ఆ పదాన్ని చూసి. ఒక్క అచ్చుతో ఒక జాతి తన చూపును ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు తిప్పుకున్నది.

తీర్థమన్న మాటకు మొదటి అర్థం దేవుడూ కాదు, గుడీ కాదు. "తౄ" అనే ధాతువునుంచి వచ్చిన ఆ మాటకు దాటే చోటు, నీటిలోకి దిగే రేవు అని అర్థం. ఆ లెక్కన ఈ మెట్లు అచ్చమైన తీర్థం. మా అబ్బాయి కారులోనే చెప్పాడు: "నాన్నగారూ, అది పది నిమిషాల పని. తరువాత బజారు చూసుకొని హోటలుకు పోదాం" అని. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో ఆనాటి ఓడల వివరాలు, కూలీల ఫొటోలు ఉన్నాయి. మెడలో అంకె వేసిన పలకలు వేలాడుతున్నట్లు తోచే ఆ ముఖాల ముందు గంటన్నర నిలబడ్డాము. బజారుకు పోదామని మళ్ళీ అతడూ అనలేదు.

వారిలో ఎక్కువమంది బీహారు ప్రాంతంవారు, కలకత్తా రేవునుంచి ఓడ ఎక్కినవారు. మన తెలుగువారు, తమిళులు మద్రాసు రాష్ట్రపు రేవులనుంచి వెళ్ళారు. ఆ రేవులలో మా కాకినాడకు కూతవేటులో ఉన్న కోరంగి ఒకటి. 1789లోనూ, 1839లోనూ వచ్చిన తుపానులు ఆ రేవును చావుదెబ్బ తీశాయి. ఒండ్రు తక్కినది పూర్తి చేసింది. ఇప్పుడు కోరంగికి జనం మడ అడవులు చూడటానికి వస్తారు, చెక్కల వంతెన మీద నడుస్తారు, పడవ ఎక్కి ఫొటోలు తీసుకుంటారు. నేనూ మా పాఠశాల పిల్లలను చాలాసార్లు అక్కడికి తీసుకువెళ్ళాను. ఆ కాలువల గుండా పోయినవారు ఏ ఒడ్డున దిగారో నాకు కంటితో చూసే భాగ్యం అరవై దాటాక దక్కింది.

మారిషస్ జనాభాలో తెలుగువారు నూటికి రెండు మూడు వంతులకు మించరు. అయినా అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. బడులలో తెలుగు ఒక పాఠ్యాంశం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది ఆ దేశంలోనే. మోకా అనే ఊరిలో 1970లో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు చెబుతారు. ఇవన్నీ మన పత్రికలలో అప్పుడప్పుడు వచ్చే విషయాలే. రాని విషయం ఒకటున్నది. అక్కడి ఉగాదికి వసంతం లేదు! భూమధ్యరేఖకు దిగువనున్న దేశం కావడంతో మన చైత్రం వారికి శరత్తులో వస్తుంది. మామిడిపండ్లు డిసెంబరు ప్రాంతంలో పండుతాయి. కోయిలా లేదు, మావిచిగురూ లేదు, అయినా పంచాంగం చెప్పింది కనుక నూట తొంభై యేళ్ళుగా ఆ రోజే ఉగాది. మనకు ఋతువు పండుగను తెస్తుంది. వారు పండుగను ఋతువు సాయం లేకుండానే నిలబెట్టుకున్నారు.

ఒక శనివారం రాత్రి ఒక పల్లెలో రామభజనకు వెళ్ళాము. నడుమ దీపపు సెమ్మె, దాని చుట్టూ తాళాలు మోగిస్తూ, అడుగులు వేస్తూ తిరిగే మనుషులు. ఇళ్ళలో మాట్లాడుకునేది క్రియోలు భాష. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. పాట మాత్రం తెలుగు. ఒక పెద్దాయన చేతిలోని పుస్తకంలోకి తొంగి చూశాను. పాటలన్నీ రోమను లిపిలో, ఫ్రెంచివారు పలికే పద్ధతికి అనువుగా రాసి ఉన్నాయి. రేఫ గొంతులోనుంచి వస్తున్నది, ళకారం లకారమైపోయింది, ఒత్తులు చాలావరకు జారిపోయాయి. మాతో వచ్చిన హైదరాబాదు యాత్రికుడొకరు నా చెవిలో, "ఏం తెలుగండీ ఇది!" అని నవ్వారు.

ఆయనతో నేను వాదించలేదు, ఇక్కడ వాదిస్తాను. ఒత్తు పోయిన ప్రతి మాటకూ అర మార్కు తగ్గించిన చేయి నాది, కనుక ఈ విషయంలో నన్ను ఉదారుడని ఎవరూ అనలేరు. లిపి లేకుండా, నిఘంటువు లేకుండా, ఆ భాష మాట్లాడితే అన్నం దొరుకుతుందన్న ఆశ లేకుండా ఆరేడు తరాలు ఒక పాటను నోటితో మోయడం ఎంత పనో మనకు తెలియదు. పాఠశాల, ప్రభుత్వం, సినిమా, పత్రిక అన్నీ అందుబాటులో ఉండి కూడా మన మనుమలు తెలుగు అంకెలు తడుముకుంటున్నారు. అక్కడికి వెళ్ళే తెలుగువారికి నా మొదటి మనవి ఇదే: వారి తెలుగును దిద్దవద్దు. వినండి చాలు.

భజన అయ్యాక ఆ పెద్దాయన నా దగ్గర కూర్చున్నాడు. ఆయనకు వచ్చిన తెలుగు కొద్దిగా, నాకు క్రియోలు అసలే రాదు. మనుమడు నడుమ కూర్చుని ఇంగ్లీషులో అటూ ఇటూ అందించాడు. మొదటి ప్రశ్న మాత్రం పెద్దాయనే తెలుగులో అడిగాడు: "అయ్యా, సింహాద్రి చూసినావా?" అని. ఆ ద్వీపంలో మన ఉత్తరాంధ్రనుంచి వెళ్ళినవారు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ ఇప్పటికీ చేస్తారు. చూశానన్నాను. ఎట్లా ఉంటుందన్నాడు. కొండ, మెట్లదారి, సంపెంగలు, ఏడాదిలో ఒక్కరోజు తప్ప స్వామి చందనం పూతలోనే ఉండటం, ఆ ఒక్కరోజు నిజరూపం కోసం లక్షలాది జనం వరుసలో నిలబడటం, అన్నీ చెప్పాను. మనుమడు ఏది ఎంత అందించాడో తెలియదు. ఆయన మాత్రం చందనమన్న మాట దగ్గర తల ఊపాడు. ఆ మాట ఆయనకు అనువాదం అవసరం లేకుండానే అందింది.

ఇక బీచీల సంగతి. ఉప్పాడ ఒడ్డున ఊళ్ళను మింగే సముద్రాన్ని చూసి పెరిగినవాడికి మారిషస్ సముద్రం మొదటి రోజున సముద్రంలాగే అనిపించదు. ద్వీపం చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ ఒకటి గోడలాగా ఉన్నది. అలలు దూరాన ఆ గోడ మీదనే విరిగి తెల్లగా నురగలు కక్కుతాయి, లోపలి నీరు చెరువులాగా పచ్చగా, నిలకడగా ఉంటుంది. మా మనుమరాలు, "తాతయ్యా, దీనికి అలలు రావా?" అని నిరుత్సాహపడింది. ఆ పిల్లను దక్షిణాన సుయాక్ దగ్గర గ్రీ గ్రీ అనే చోటికి తీసుకువెళ్ళాము. అక్కడ పగడపు గోడకు గండి ఉన్నది. నల్లరాతి కొండచరియల మీద సముద్రం తన అసలు కోపంతో వచ్చి పడుతుంది. అక్కడ దిగి ఈదరాదు, చూడటానికే. మిగిలిన చోట్ల నీటిలోకి దిగేవారు కాళ్ళకు రబ్బరు చెప్పులు తొడుక్కోవడం మంచిది, పగడాల నడుమ ముళ్ళ ప్రాణులు ఉంటాయి.

నన్నడిగితే బీచికి ఆదివారం వెళ్ళాలి, అదీ హోటలువారి బీచికి కాదు, ఊరివాళ్ళ బీచికి. మోన్ షువాజీకో, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌కో వెళ్ళండి. మన కోస్తాలో లాగే అక్కడా ఒడ్డంతా సరుగుడు తోటలు. ఆదివారంనాడు కుటుంబాలకు కుటుంబాలు గిన్నెలు, చాపలు, డోలు మోసుకొని ఆ నీడకు చేరుకుంటాయి. హిందువులు, ముస్లిములు, ఆఫ్రికా సంతతి వారు, చీనావారు అంతా ఆ ఇసుకలోనే వండింది విప్పుకొని తింటారు. ఆ దేశపు చట్టం ప్రకారం సముద్రపు పోటు తాకే ఇసుక ఎవరి సొత్తూ కాదు. హోటళ్ళు వెనుకనున్న నేలను మాత్రమే ప్రభుత్వం దగ్గర కౌలుకు పుచ్చుకుంటాయి. కాని ఆ వెనుక నేల గోడలతో నిండిపోతే ముందున్న ఇసుకకు దారి ఎక్కడిది? ఈ ప్రశ్నతోనే అక్కడివారు తమ బీచీలను దోచుకోవద్దని ఉద్యమం నడిపారు. మన పర్యాటకుల రూపాయలు ఆ గోడలలో చేరుతున్నాయి కనుక ఈ సంగతి మనకు అక్కరలేనిదేమీ కాదు.

ఆ ఒడ్డునే బండ్ల మీద ధోల్ పూరీ అమ్ముతారు. మన బొబ్బట్టులో బెల్లం తీసేసి, పప్పు మాత్రం ఉంచి, పలుచగా పొంగించినట్లుంటుంది. చిక్కుడు గింజల కూర, పచ్చడి రాసి చుట్టి ఇస్తారు. జతగానే అమ్ముతారు, ఒక్కటి అడిగే అలవాటు అక్కడ లేదు.

నైరుతి మూలన ల మోర్న్ అనే కొండ ఉన్నది. జాబితాలలో దీనిని "నీటి అడుగు జలపాతం" అని రాస్తారు. జలపాతమేమీ లేదు. లోతులోకి జారే ఇసుక, మన్ను పైనుంచి చూసినప్పుడు అట్లా భ్రమ గొలుపుతాయి, అదీ విమానంలోనుంచో హెలికాప్టరులోనుంచో చూస్తేనే. వేలు పోసి ఆ భ్రమను చూసి వచ్చినవారు ఆ కొండ కథ అడిగితే తెల్లముఖం వేస్తారు. తోటలనుంచి పారిపోయిన బానిసలు ఎక్కరాని ఆ కొండ మీద దాక్కుని బ్రతికారు. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. ఆ కబురు చెప్పటానికే సిపాయిలు కొండ ఎక్కగా, తమను పట్టుకోవటానికే వస్తున్నారనుకొని వారు శిఖరంనుంచి దూకి చనిపోయారని జనశ్రుతి. ఇది చరిత్రా, గాథా అని పండితులు తర్కించుకోవచ్చు. ఆ కొండను చూస్తూ పెరిగినవారికి ఆ తర్కంతో పని లేదు. 2008లో యునెస్కో ఈ కొండనూ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిబ్రవరి 1 బానిస విముక్తి దినంగా, నవంబరు 2 కూలీల రాక దినంగా రెండూ అక్కడ సెలవులు. మన వారి బాధను తలుచుకోవటానికి వెళ్ళి, మనకంటె ముందు ఆ చెరకులో నెత్తురోడ్చినవారిని మరవడం ధర్మం కాదు. ఆప్రవాసి ఘాట్ చూసినవారు ల మోర్న్ కూడా చూసి తీరాలి.

హోటళ్ళలో రాత్రిపూట రంగురంగుల పరికిణీలతో ఆడించే సెగా నృత్యం ఆ బానిసల ఆస్తే. దానికి వాయించే రవాన్ అనే వాద్యం మేకతోలుతో చేసింది. వాయించే ముందు మంట దగ్గర కాచుతారు, మన డప్పును కాచినట్లే. హోటలు ప్రదర్శనలో ఆ కాచడం ఉండదు. ఇసుక మీద, ఊరివాళ్ళ మధ్య చూడగలిగితేనే చూడండి.

గంగా తలావ్ విషయంలో నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. అది అగ్నిపర్వత బిలంలో నిలిచిన సరస్సు. 1972లో గంగాజలం తెచ్చి అందులో కలిపారు. శివరాత్రికి ద్వీపం నలుమూలలనుంచి జనం కావళ్ళు మోసుకొని రోజుల తరబడి నడిచి అక్కడికి చేరుతారు. ఆ నడక గొప్పది, ఆ నీటి మీది మంచు గొప్పది. దారి పక్కన నిలబెట్టిన 33 మీటర్ల శివుడి విగ్రహం, తరువాత దానికి జోడుగా వెలసిన అంతే ఎత్తు దుర్గ విగ్రహం ఫొటోలకు బాగుంటాయి. మనవాళ్ళు విగ్రహాల పాదాల దగ్గరనే ఆగి, సరస్సు మెట్లు దిగకుండా బస్సు ఎక్కడం నేను కళ్ళారా చూశాను.

ఆగ్నేయాన బ్లూ బే, మయెబూర్ ప్రాంతపు నీళ్ళు అద్దాలలాగా ఉంటాయి. 2020 జూలై 25న వకాషియో అనే పెద్ద ఓడ అక్కడి పగడపు దిబ్బకెక్కింది. ఆగస్టు 6నుంచి నూనె కారసాగింది, దాదాపు వెయ్యి టన్నులు సముద్రం పాలయ్యింది. ప్రభుత్వం ఏమి చేస్తుందోనని ఎదురుచూడకుండా ఊళ్ళవాళ్ళు గుడ్డ సంచులలో ఎండు చెరకు ఆకు కూరి, కుట్టి, నూనెకు అడ్డుకట్టలు తేల్చారు. నూనెను పీల్చేందుకు జుట్టు కత్తిరించి ఇచ్చినవారున్నారు. మేము వెళ్ళేసరికి నీరు తేటపడి ఉన్నది. పడవవాడు ఆ రోజుల సంగతి చెబుతూ, చేతులకు అంటిన నలుపు వారం దాకా పోలేదన్నాడు. అంత తేట నీటి మీద అతడు ప్లాస్టిక్ సీసా ఒకటి తేలుతుంటే పడవ తిప్పి తీశాడు. ఆ సీసా ఏ యాత్రికుడిదో!

పిల్లలకు ఇవన్నీ విసుగు కదా అని అడిగేవారికి పాంప్లెమూస్ తోట చూపించమంటాను. పాంప్లెమూస్ అంటే మన పంపరపనసే. ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉన్నదని నా నమ్మకం. మొలుకా దీవులనుంచి లవంగం, జాజికాయ మొక్కలను రహస్యంగా తెప్పించి డచ్చివారి గుత్తాధిపత్యాన్ని దెబ్బతీసిన పియేర్ ప్వావ్ర్ ఈ తోటకు ప్రాణం పోశాడు. పిల్లలు పళ్ళెరాలంతటి ఆకులతో తేలే పెద్ద కలువల దగ్గరనుంచి కదలరు. నేను కదలనిది శ్రీతాళ వృక్షాల దగ్గరనుంచి. మన పూర్వులు ఆ ఆకుల మీదనే గంటంతో గ్రంథాలు రాశారు. ఆ చెట్టు కొన్ని దశాబ్దాలు బ్రతికి, ఒక్కసారే పూచి, ఆ పూతతోనే చనిపోతుంది. పుస్తకభాండాగారాలలో దాని ఆకులను ముట్టుకున్నానే గాని నిలువెత్తు చెట్టును తనివితీరా చూసింది అక్కడే.

వెళ్ళదలచినవారు మే నుంచి డిసెంబరు లోపల వెళ్ళండి, జనవరినుంచి మార్చి వరకు తుపానుల బెడద ఎక్కువ. మొదటి రోజు ఉదయమే పోర్ట్ లూయీ పెట్టుకోండి. మెట్లు, ప్రదర్శనశాల చూశాక, అదే ఊరిలో 2023లో తెరిచిన బానిసత్వ మ్యూజియం కూడా మధ్యాహ్నానికి అయిపోతుంది. సాయంత్రానికి మోన్ షువాజీ సరుగుళ్ళ కిందకు చేరుకోవచ్చు. ఆ రోజు శనివారమైతే, దగ్గరలో ఏ ఊరిలో భజన ఉన్నదో బండివాణ్ణి అడగండి.